మూసి ఉన్న ఫోన్‌కే మార్కులు

ఫ్లిప్ ఫోన్ అమ్మే కుర్రాడు ముందుగా చేసే పని దాన్ని తెరిచి చూపించడం. కొనడానికి వచ్చినవారూ తెరిచిన ఫోన్‌నే పరిశీలిస్తారు. తెర ఎంతుంది, మధ్యలో మడత గీత కనిపిస్తోందా, కెమెరా బాగుందా అని అడుగుతారు. రంగు, మెరుపు, చేతిలో పట్టుకుంటే వచ్చే దర్జా సరేసరి. కానీ మడిచే ఫోన్ రోజులో ఎక్కువసేపు మూసే ఉంటుంది. జేబులోనో, హ్యాండ్‌బ్యాగ్‌లోనో, ఆఫీసు బల్ల మీదో, మంచం పక్కనో పడి ఉంటుంది. అలా ఉన్నప్పుడు అది ఎన్ని పనులు చేసిపెడుతుంది? తెరిచినప్పుడు ఆ తెరిచిన శ్రమకు తగ్గది ఏమైనా చేతికొస్తుందా? సోకు కోసం తయారైన ఫ్లిప్ ఫోన్ రోజువారీ వాడకానికి పనికొస్తుందో లేదో ఈ రెండు ప్రశ్నలతోనే తేల్చాలని నా వాదన. ఇరవై ఏళ్ల కిందట ప్రపంచాన్ని ఊపేసిన ఒక ఫోన్‌నూ, ఇప్పుడు లక్ష రూపాయలు పోసి కొంటున్న దాని వారసులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది.

ఆ పాత ఫోన్ పేరు మోటొరోలా రేజర్ వీ3. 2004 జులైలో ప్రకటించారు. మడిచే ఫోన్ అప్పటికే కొత్తదేమీ కాదు. అదే కంపెనీ 1996లోనే 88 గ్రాముల స్టార్‌టాక్‌ను తెచ్చింది. అయితే కెమెరా, రంగుల తెర, బయట ఇంకో చిన్న తెర వచ్చి చేరేసరికి 2004 నాటి ఫ్లిప్ ఫోన్లు సబ్బుబిళ్లల్లా ఉబ్బిపోయాయి. రేజర్ మాత్రం మూసినప్పుడు 13.9 మిల్లీమీటర్ల మందం, 95 గ్రాముల బరువుతో దిగింది. ఆ పల్చదనం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఇక్కడ ముఖ్యం. మామూలుగా బ్యాటరీనీ సర్క్యూట్ బోర్డునూ ఒకదాని మీద ఒకటి పేర్చేవారు. ఇందులో పక్కపక్కన పరిచారు. నెత్తి మీద పొడుచుకొచ్చే యాంటెనాను తీసేసి, కీప్యాడ్ కింద గడ్డంలా ఉబ్బిన చోట దాచారు. అలా పరిచేసరికి ఫోన్ వెడల్పు 53 మిల్లీమీటర్లకు పెరిగింది. 49 దాటితే చేతిలో ఇమడదని కంపెనీలోని నిపుణులే చెప్పినా, ఇంజినీర్ల బృందం నమూనా చేసి, చేత్తో పట్టుకుని చూసి, ఆ లెక్కను పక్కన పెట్టేసింది. జనం ఫ్యాషన్ అని మెచ్చుకున్న ఆ ఆకారం పైపూతతో వచ్చింది కాదు, లోపలి వస్తువుల సర్దుబాటుతో వచ్చింది.

ఇక వాడకం సంగతి. రేజర్ మూతను బొటనవేలితో పైకి నెడితే చాలు, కాల్ కలుస్తుంది. మూసేస్తే కట్ అవుతుంది. పచ్చబటన్, ఎర్రబటన్ వెతుక్కునే పనే ఉండదు. తెరవడమే ఫోన్ ఎత్తడం, మూయడమే పెట్టేయడం. అప్పటి ఫోన్‌తో జనం చేసే ముఖ్యమైన పని మాట్లాడటమే కాబట్టి, తెరిచిన ప్రతిసారీ ఆ తెరిచిన చర్యే పనిగా మారేది. మూసి ఉన్నప్పుడు పైనున్న చిన్న రంగుల కిటికీలో టైమ్, ఫోన్ చేస్తున్నవారి పేరు కనబడేవి. మిస్డ్ కాల్ ఒక భాషగా చలామణీ అయిన ఆ రోజుల్లో మన దేశంలో ఈ కిటికీ విలువ తక్కువది కాదు. ‘బయల్దేరాను’, ‘చేరుకున్నాను’, ‘నువ్వే తిరిగి చెయ్యి’ వంటి కబుర్లన్నీ ఒకట్రెండు రింగులతో అందేవి. అది ఎవరి నుంచో తెలిస్తే చాలు, మూత తెరవక్కర్లేదు. అంటే మూసి ఉన్నప్పుడు చేయాల్సిన పని మూసి ఉన్నప్పుడూ, తెరిచినప్పుడు చేయాల్సిన పని తెరిచినప్పుడూ ఆ ఫోన్ చేసిపెట్టింది. రెండు ప్రశ్నల్లోనూ దానికి మంచి మార్కులే పడతాయి.

అన్ని సబ్జెక్టుల్లోనూ కాదు లెండి. కీప్యాడ్‌నే తీసుకోండి. ఒకే లోహపు రేకు మీద అంకెలు చెక్కారు, అడుగు నుంచి నీలం వెలుగు ఇచ్చారు. చీకట్లో చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ బటన్లన్నీ దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. ఏ బటన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలికి తెలియాలంటే మధ్యలోని సన్నని గీతలే ఆధారం. పాత నోకియా మీద బల్ల కింద చెయ్యి పెట్టి, చూడకుండా మెసేజ్ కొట్టిన కాలేజీ పిల్లలకు ఇది మింగుడుపడే సంగతి కాదు. లోపలి సాఫ్ట్‌వేర్ ఇంకా మొరటు. ఒకే మనిషికి ఇంటి నంబరు, ఆఫీసు నంబరు ఉంటే అవి రెండు వేర్వేరు పద్దులు. మెమరీ 5 ఎంబీ చిల్లర, కార్డు పెట్టుకునే వీలు లేదు. కెమెరా 0.3 మెగాపిక్సెల్. చార్జింగుకూ, కంప్యూటరుకూ, వైరు హెడ్‌సెట్‌కూ కలిపి ఒకే ఒక్క రంధ్రం. ఈ లోపాలను ఒకచోట పేర్చి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది: ఇవి చాలావరకు మెసేజ్, ఫొటో, పాట వంటి మాటేతర పనులకు సంబంధించినవి. మాట్లాడటానికి తీర్చిదిద్దిన వస్తువు మిగతా పనుల దగ్గర తడబడింది. 2004లో అది క్షమించదగ్గ తడబాటే. 2007లో కాదు.

పైపూత ఫ్యాషన్ అంటే ఏమిటో చూడాలంటే అదే కాలపు ఇంకో ఫోన్ ఉంది. జర్మనీకి చెందిన సీమెన్స్ 2003లో జెలిబ్రి పేరుతో ఒక ఫ్యాషన్ ఫోన్ల వరుస మొదలుపెట్టింది. బట్టల కంపెనీల పద్ధతిలో ఏడాదికి రెండు సీజన్లు, సీజనుకు నాలుగు ఫోన్లు. వాటిలో జెలిబ్రి 6 అచ్చంగా ఆడవాళ్ల పౌడర్ కాంపాక్ట్‌లా ఉండే ఫ్లిప్ ఫోన్. మూత తెరిస్తే లోపల అద్దాలు. ఆలోచన చమత్కారమే, కానీ ఆ అద్దాలను పక్కన పెడితే మిగిలేది చాలా మామూలు ఫోన్. తెరిచినవారికి ముఖం కనబడింది తప్ప ఫోన్‌గా అదనంగా ఒరిగిందేమీ లేదు. 2004లోనే ఆ వరుస మొత్తం మూతబడింది. ఇంచుమించు అదే సమయంలో నోకియా 7200 అనే ఫ్లిప్ ఫోన్‌కు మార్చుకోగల గుడ్డ తొడుగులు తగిలించింది. అదీ ఫ్యాషన్ పేరుతో వచ్చిందే, రేజర్‌లా కథ కాలేకపోయింది. సోకు పైన అతికించింది అయినచోట జనం ఒక్కసారి చూసి వదిలేశారు. సోకు లోపలి నుంచి పుట్టినచోట జేబులో పెట్టుకున్నారు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. రేజర్ అంతగా అమ్ముడుపోయింది డిజైన్ గొప్పతనంతో కాదు, ధర తగ్గించడంతో అని. అందులో నిజం లేకపోలేదు. మొదట్లో అమెరికాలో కాంట్రాక్టుతో కలిపి కూడా దాదాపు 500 డాలర్లు పలికిన ఫోన్, తర్వాత బాగా చవకబడి ఇంటింటికీ చేరింది. రెండేళ్లలో 5 కోట్లు, మొత్తంగా ఆ కుటుంబంలోని ఫోన్లు 13 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. చవకబడకపోతే ఈ అంకెలు రావు, ఒప్పుకోవాల్సిందే. కానీ అప్పట్లో చవక ఫోన్లకు కొదవలేదు. ఫలానా ఫోనే కావాలని పట్టుబట్టి అడిగేలా చేసింది ధర కాదు. పైగా ఆ విజయమే కంపెనీని దెబ్బతీసిందన్నది నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. గులాబీ రంగు రేజర్, డోల్చే అండ్ గబ్బానా పేరుతో బంగారు రంగు రేజర్ అంటూ తొడుగులు మారుతూ పోయాయి గానీ లోపలి సరుకు చాలాకాలం పెద్దగా మారలేదు. లోపలి నుంచి పుట్టిన సోకును చేజేతులా పైపూతగా మార్చుకున్నారన్నమాట. 2007లో ఐఫోన్ వచ్చి, ఫోన్ అంటే మాట్లాడేది మాత్రమే కాదని తేల్చేసరికి, మూత తెరవడంలోని ఆ ఒడుపుకు విలువ పోయింది.

అక్కడి నుంచి పన్నెండేళ్లు పలక ఫోన్లదే రాజ్యం. మళ్లీ 2019 నవంబరులో మోటొరోలా మడిచే తెరతో కొత్త రేజర్‌ను ప్రకటించింది. 2020 ఫిబ్రవరిలో శాంసంగ్ గెలాక్సీ జడ్ ఫ్లిప్ వచ్చింది. మన దగ్గర రేజర్ ధర 1,24,999 రూపాయలు, ఫ్లిప్‌ది 1,09,999. శాంసంగ్ వెంటనే థామ్ బ్రౌన్ అనే అమెరికన్ డిజైనర్ చారలతో 2,480 డాలర్ల ప్రత్యేక కూర్పు కూడా తెచ్చింది. ఫ్యాషన్ తిరిగొచ్చింది, ఫ్లిప్ తిరిగొచ్చింది, కానీ తెరవడానికి అర్థం మాత్రం తారుమారైంది. ఇప్పుడు ఫోన్‌తో మనం చేసే పనుల్లో మాట్లాడటం ఒకానొకటి మాత్రమే. వాట్సాప్ చూడటం, ఓటీపీ చదవడం, డబ్బు పంపడం, బస్సు ఎక్కడుందో చూసుకోవడం అన్నీ క్షణాల పనులు, రోజుకు పదుల సార్లు చేసేవి. పలక ఫోన్‌కైతే వేలిముద్ర వేస్తే చాలు. ఫ్లిప్‌కు ముందు తెరవాలి. కొత్త మడతబందు పాతదానిలా ఒక్క బొటనవేలి తోపుకు లేచేది కూడా కాదు. ఎంత వంచితే అంత దగ్గర నిలబడేలా బిగువుగా చేస్తారు కాబట్టి, చాలామందికి రెండు చేతులూ కావాలి. రేజర్ వీ3లో తెరవడమే పని. వీటిలో తెరవడం పనికి ముందు పడే అదనపు పని.

ఆ తొలి జడ్ ఫ్లిప్‌లో బయటి తెర 1.1 అంగుళాలు. టైమ్, నోటిఫికేషన్ గుర్తు చూసుకోవడానికి తప్ప దేనికీ చాలదు. మూసి ఉన్నప్పుడు ఏం చేస్తుందన్న ప్రశ్నకు ఆ ఫోన్ దగ్గర జవాబే లేదు. తర్వాతి ఏళ్లలో ఈ ఫోన్లలో జరిగిన మార్పుల్లో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఈ బయటి తెర పెరగడమే. 2021లో 1.9 అంగుళాలు, 2023లో 3.4, 2025 నాటి జడ్ ఫ్లిప్ 7లో 4.1. మోటొరోలా ఇంకాస్త ముందే ఉంది, 2023లోనే 3.6 అంగుళాల తెరను మూత నిండా పరిచింది. కిరాణా కొట్టు దగ్గర ఊహించుకోండి. ఒక చేతిలో సంచి, ముందు క్యూఆర్ కోడ్ అట్ట, వెనక ఇంకో ముగ్గురు. మూసిన ఫోన్‌తోనే కోడ్ స్కాన్ చేసి, బయటి తెర మీదే పిన్ కొట్టి కదలగలిగితే అది పనికొచ్చే ఫోన్. తెరిచి, స్కాన్ చేసి, మూసి, మళ్లీ సంచి సర్దుకోవాలంటే అది ముచ్చటకు పెట్టుకున్న ఫోన్. మోటొరోలా దాదాపు ఏ యాప్‌నైనా బయటి తెర మీద నడవనిస్తుంది. శాంసంగ్ ఎంపిక చేసిన కొన్నిటినే నేరుగా అనుమతిస్తుంది, మిగతావాటికి గుడ్ లాక్ అనే ఇంకో యాప్ వేసుకుని తంటాలు పడాలి. ఫ్యాషన్‌కు పేరుపడ్డ ఫోన్‌లో, తయారీదారే ఇలా తాళం వేసి, తాళంచెవి ఇంకో గదిలో పెట్టడం నాకు అర్థం కాని విషయం.

ఇక్కడ తెలివైన పాఠకులు అడ్డు తగులుతారు. బయటి తెరే అన్నీ చేసేస్తే మడవడం ఎందుకు, చిన్న ఫోన్ కొనుక్కుంటే సరిపోదా అని. ప్రశ్న న్యాయమైనదే. కాకపోతే ఇప్పుడు మంచి చిన్న ఫోన్ దొరకడమే గగనం. సినిమా చూడటానికి, పేపర్ చదవడానికి, మ్యాప్ వెతకడానికి పెద్ద తెర కావాలి, అది జేబులో పట్టాలి, ఈ రెండు కోరికలకూ మధ్య రాజీయే మడత. జడ్ ఫ్లిప్ 7 తెరిస్తే 6.9 అంగుళాల తెర, మూస్తే అరచేతిలో ఇమిడే చతురస్రం. మందం 13.7 మిల్లీమీటర్లు. 2004 నాటి రేజర్ మందం 13.9 అని ఇందాక చెప్పుకున్నాం, ఇరవై ఒక్క ఏళ్లకు మళ్లీ అక్కడికే చేరామన్నమాట. బరువు మాత్రం 188 గ్రాములు, అంటే పాతదానికి దాదాపు రెట్టింపు. చొక్కా జేబు ఆ తేడాను వెంటనే పట్టేస్తుంది. మడతతో వచ్చే ఇంకో లాభం సగం తెరిచినప్పుడు ఉంది. ఎల్ ఆకారంలో వంచి బల్ల మీద పెడితే ఫోన్ తనంతట తానే నిలబడుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలతో గంటసేపు వీడియో కాల్ మాట్లాడే తల్లిదండ్రులకు, నీళ్లగ్లాసుకు ఆనించి ఫోన్ జారిపోకుండా చూసుకునే బాధ తప్పుతుంది. మూసి ఉంచి, వెనకవైపు మంచి కెమెరాలతోనే సెల్ఫీ తీసుకుంటూ బయటి తెరలో ముఖం చూసుకోవచ్చు. ఇవన్నీ మడత వల్లే సాధ్యమైన పనులు, మడతకు అతికించిన తళుకులు కావు.

ఇదంతా ఆడవాళ్ల సోకు, మగవాళ్లకు ఎందుకు అనేవారూ ఉన్నారు. మాటల్లో కాకపోయినా సమీక్షల ధోరణిలో ఇది కనబడుతూనే ఉంటుంది. ప్రాసెసర్ వేగం గురించి పేజీ రాసినవారు ఆకారం గురించి రెండు ముక్కలతో సరిపెడతారు. కానీ పెద్ద పలక ఫోన్లను తయారుచేసినవాళ్లు జేబున్న ప్యాంటును మనసులో పెట్టుకున్నారే గానీ కుర్తీనీ, చీరనూ కాదు. జేబే లేని బట్టలు, లేదా రెండు వేళ్ల లోతు జేబున్న బట్టలు వేసుకునే సగం జనాభాకు, ఫోన్ సగానికి మడవడం సోకు కన్నా ముందు సౌకర్యం. చిన్న పర్సులో పట్టే ఫోన్‌ను ఆడపిల్ల కొనుక్కుంటే అది షోకు, నడుముకు పౌచ్ తగిలించుకుని మగాడు తిరిగితే అది అవసరం అనడం ఎక్కడి న్యాయం? స్వరోవ్‌స్కీ రాళ్లు పొదిగిన రేజర్ గురించి వెటకారం చేయండి, అభ్యంతరం లేదు. రాళ్లతో ఫోన్ పని ఏమీ పెరగదు. ఆ వెటకారాన్ని ఆకారం మీదికి పొడిగించకూడదు.

నాకు ఈ ఫోన్లపై నిజమైన అనుమానం సోకు గురించి కాదు, మన్నిక గురించి. తొలి జడ్ ఫ్లిప్‌ను 2 లక్షల సార్లు మడవొచ్చని శాంసంగ్ చెప్పింది. రోజుకు వందసార్లు తెరిచి మూసినా అయిదేళ్లు దాటుతుంది. వినడానికి బాగుంది. 2019 రేజర్‌ను అమెరికా వార్తాసంస్థ సీనెట్ ఒక యంత్రంలో పెట్టి మడిస్తే, దాదాపు 27,000 మడతలకు బందు మొరాయించింది. అదే వందసార్ల లెక్కన తొమ్మిది నెలలు. ఆ యంత్రం తమ ఫోన్‌కు తగినది కాదని, అనవసరపు ఒత్తిడి పెట్టిందని మోటొరోలా జవాబిచ్చింది. ఆ జవాబును కొట్టిపారేయలేం, మనిషి వేళ్లు యంత్రంలా మడవవు. అయితే మనిషి వేళ్లకు ఉప్పు, నూనె, పసుపు అంటి ఉంటాయి, యంత్రానికి ఉండవు. కాబట్టి ఈ లెక్కలు రెండువైపులా పూర్తి నిజం చెప్పవు. లోపలి తెర పైపొర మెత్తటి ప్లాస్టిక్, గోరు గట్టిగా నొక్కితే గీత పడే రకం. దాని మీద కంపెనీ వేసిన పల్చటి ఫిల్మ్‌ను ఊడదీయొద్దని హెచ్చరిక ఉంటుంది. మామూలు ఫోన్‌కు అంటించినట్టు వీధి చివర షాపులో యాభై రూపాయల గ్లాసు వేయించుకుంటే కుదరదు. లోపలి తెర పోతే మార్పించే ఖర్చు కొత్త మంచి ఫోన్ ధరకు దగ్గరగా ఉంటుంది, అదీ జిల్లా కేంద్రంలోనో నగరంలోనో అసలు సర్వీస్ సెంటరు దొరికితే. ఫోన్‌ను తాకట్టు పెట్టే వస్తువులా కాక పనిముట్టులా వాడేవారికి ఇది చిన్న సంగతి కాదు.

బ్యాటరీ, కెమెరాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండు సగాల్లోకి సర్దాల్సి రావడంతో బ్యాటరీ ఎప్పుడూ ఒక మెట్టు కిందే. జడ్ ఫ్లిప్ 7లో 4,300 ఎంఏహెచ్ ఉంటే, అందులో పావు ధరకు దొరికే పలక ఫోన్లలోనే 5,000 మామూలైపోయింది. లక్ష దాటిన ధరకు దూరపు వస్తువులను దగ్గరకు లాగే జూమ్ లెన్సు కూడా ఉండదు. ఇవి ఆకారానికి చెల్లించే సుంకం. తెలిసి చెల్లిస్తే తప్పులేదు.

దుమ్ము దగ్గర మాత్రం లెక్క ఇంకా తేలలేదు. తొలి జడ్ ఫ్లిప్‌లలో మూసినా బందు దగ్గర సన్నని సందు మిగిలేది, దుమ్ము లోపలికి పోకుండా బందు లోపల సన్నటి నైలాన్ కుచ్చులు పెట్టారు. 2023కి ఆ సందు మూసుకుంది. ఇప్పటి ఫ్లిప్ ఫోన్ల పెట్టెల మీద ఐపీ48 అని ఉంటుంది. ఇందులో 8 నీళ్లకు సంబంధించింది, వానలో తడిసినా భయం లేదు. 4 దుమ్ముకు సంబంధించింది, ఒక మిల్లీమీటరు కన్నా పెద్ద రేణువులను మాత్రమే ఆపుతామని దాని అర్థం. మన రోడ్ల మీద లేచే దుమ్ము, పిండిమరలో ఎగిరే పొడి, సముద్రపు ఒడ్డున ఇసుక అంతకన్నా సన్నవే. పలక ఫోన్లకు ఎప్పటినుంచో ఉన్న 6 అనే అంకె, అంటే దుమ్ము అసలు చొరబడని రక్షణ, మడిచే ఫోన్‌కు సాధ్యం కాదని చాలాకాలం అనుకున్నారు. 2025లో గూగుల్ పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్‌తో అది సాధ్యమేనని తేలింది, కాకపోతే అది పుస్తకంలా తెరుచుకునే పెద్ద ఫోన్. ఆ అంకె అరచేతిలో ఇమిడే ఫ్లిప్‌ల మీదికి కూడా దిగివచ్చేదాకా, రోజూ బైకు మీద తిరిగేవారు, పిండిమర దగ్గరో సిమెంటు పని దగ్గరో బతికేవారు రంగులు చూసుకునే ముందు ఆ పెట్టె మీది అంకెనే చూసుకోవాలి.